పగులు కన్నా తేదీ ముఖ్యం: కొత్త ఇంటి లోపాలపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు హూడి దగ్గర ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఫ్లాటు. బాత్రూము సీలింగు మీద విస్తరాకంత పసుపు మరక. నేను వెళ్లేసరికి బిల్డరు పంపిన పెయింటరు స్టూలెక్కి దానికి లప్పం పూస్తున్నాడు. "ఇది నాలుగోసారి సార్" అన్నారు ఆ ఇంటి ఆవిడ. వాళ్లది మా కడప వైపే. "పూసిన మూడు వారాలు తెల్లగా ఉంటుంది, మళ్లీ మామూలే." మొదటిసారి ఎప్పుడు ఫిర్యాదు చేశారమ్మా అని అడిగాను. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వినాయక చవితికి ముందా, తర్వాతా అన్నదే తేలలేదు.

నేను సివిల్ ఇంజినీరును. బెంగళూరులో మొదట బిల్డర్ల దగ్గర పనిచేశాను. ఇప్పుడు ఇళ్లు తనిఖీ చేసి నివేదికలు రాస్తున్నాను. రెండు వైపులా ఉప్పు తిన్నవాణ్ణి. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డు దాకా మన తెలుగువాళ్ల ఇళ్లలో కాఫీ తాగుతూ పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: బిల్డరుకు లైసెన్సు ఉంది, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు ఉంది, ఇక నాణ్యతకు ఢోకా లేదు.

వాస్తవం: రెరాలో నమోదయ్యేది ప్రాజెక్టు. స్థలం పత్రాలు, ఆమోదించిన ప్లాను, పూర్తి చేసే గడువు, కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచడం వంటివి అక్కడ చూస్తారు. మీ బాత్రూములో వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని పూతలు వేశారో చూడటానికి ఎవరూ రారు. పైగా స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు తప్పనిసరి కాదని చట్టమే చెబుతోంది. ఇక కాంట్రాక్టరు విజిటింగ్ కార్డు మీద మెరిసే 'క్లాస్ వన్ లైసెన్సు' ప్రభుత్వ పనుల టెండర్లు వేయడానికి పనికొచ్చేది. మీ గోడ బీటలిస్తే ఆ లైసెన్సు ఇచ్చిన శాఖ వచ్చి పంచాయితీ చేయదు.

అపోహ: పగులు వచ్చిందంటే ఇంటికి ముప్పే.

దీనికో కవల ఉంది: 'సిమెంటు అన్నాక పగుళ్లు మామూలే.' మొదటిది ఇంటివాళ్ల మాట, రెండోది బిల్డర్ల మాట. పగులు ఎక్కడ పుట్టింది, ఎటు నడిచింది, ఇంకా నడుస్తోందా అన్నవి చూడకుండా అంటే రెండూ తప్పే.

పిల్లరూ బ్లాకు గోడా కలిసేచోట నిట్టనిలువు గీత బెంగళూరులో దాదాపు ప్రతి ఇంట్లో చూస్తాను. కాంక్రీటు ఒక తీరున, సాలిడ్ బ్లాకు మరో తీరున కుంచించుకుంటాయి. ప్లాస్టరింగుకు ముందు ఆ అతుకు మీద చికెన్ మెష్ (సన్నటి తీగల వల) సరిగ్గా బిగించకపోతే గీత పడుతుంది. ప్రాణభయం లేదు. అయినా పనితనంలో లోపమే, అడిగి బాగు చేయించుకోవలసిందే. పై అంతస్తులో శ్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా వచ్చే గీత చాలాసార్లు ఎండకు శ్లాబు సాగి, రాత్రి చల్లబడి ముడుచుకోవడం వల్ల వస్తుంది. బ్లాకుల అతుకుల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగే పగులు చూస్తే మాత్రం నేను కాఫీ పక్కన పెడతాను. పునాది ఒక పక్క కుంగుతూ ఉండవచ్చు. ఒకప్పటి చెరువుల నేల మీద, పూడ్చిన కాలువల మీద లేచిన కాలనీలు ఈ ఊళ్లో తక్కువేమీ కాదు. బీము అడుగున లోపలి కమ్మీ వెంటే సాగుతూ తుప్పు మరక కార్చే పగులైతే ఒక్క వారం కూడా ఆగవద్దు.

బీము, పిల్లరు, శ్లాబు వంటి కాంక్రీటు భాగాల మీద పగులు వెడల్పు మామూలుగా 0.3 మిల్లీమీటర్లు, తేమ తగిలే చోట 0.2 మించకూడదన్నది కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 మాట. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి పక్కనే తేదీ రాయండి. నెలకోసారి చూడండి. ఇంకా నమ్మకం కావాలంటే పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్కను ప్లాస్టరుతో అతికించండి. గాజు విరిగిందంటే గోడ ఇంకా కదులుతోంది. పది రూపాయల పని. దీన్ని ఫొటో తీసి దాచిన ఇంటి యజమాని ముందు బిల్డరు ఇంజినీరు గొంతు తగ్గడం నేను చూశాను.

అపోహ: సీలింగులో చెమ్మ వస్తే పై ఇంటివాళ్లే కారణం.

వాస్తవం: చెమ్మ ఎప్పుడు వస్తుందో గమనిస్తే సగం సమాధానం దొరికినట్టే. పైవాళ్లు ఊరెళ్లినా చుక్క ఆగకపోతే అనుమానం నీళ్లొచ్చే గొట్టం మీద. స్నానాలయ్యాకే కారితే డ్రెయిను అతుకు మీద, లేదా సన్‌కెన్ శ్లాబు మీద. మన బాత్రూముల్లో నేలను కిందికి దించి, గొట్టాలు వేసి, పైన ఏదో ఒకటి నింపి టైల్స్ పరుస్తారు. ఆ గుంటలో నీరు చేరితే బయటికి దారి ఉండదు, కింది సీలింగులో తేలుతుంది. పై బాత్రూములో ట్రాపు (నీళ్లు బయటికి పోయే రంధ్రం) మూసి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు రంగు కలిపి నిలబెట్టి, 48 గంటలు కింద చూడాలి. ఇల్లు అప్పగించేముందు బిల్డరే చేయవలసిన పరీక్ష ఇది. లప్పం మందు కాదు, ముసుగు.

హూడి ఇంట్లో అదే చేశాం. రెండో రోజు ఉదయానికి పసుపు మరక నీలంగా మారింది.

అపోహ: ఏడాది వారంటీ అయిపోయింది, రిజిస్ట్రేషనూ అయిపోయింది, ఇక బిల్డరుతో పని లేదు.

వాస్తవం: ఈ ఒక్క అపోహ వల్ల మనవాళ్లు పోగొట్టుకున్నంత డబ్బు మరి దేనివల్లా పోగొట్టుకోలేదని నా అభిప్రాయం. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడిగే హక్కు మీది. సేల్ డీడ్ రాసుకున్నాక కూడా ఆ బాధ్యత కొనసాగుతుందని 11వ సెక్షన్ విడిగా చెబుతోంది. ఒప్పందంలో 'ప్లంబింగుకు ఏడాది' అని చిన్న అక్షరాలు ఉన్నాయని వెనక్కి తగ్గకండి. ఏకపక్షంగా రాసుకున్న షరతులు కొనుగోలుదారును కట్టిపడేయవని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడు మన బేగూరు ప్రాజెక్టు కేసులోనే, ఇల్లు తీసుకుని డీడ్ రాయించుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదంది. ఫ్లాటు మొదటి యజమాని దగ్గర కొన్నవాళ్లకూ చట్టం వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్లకు వర్తించదు.

మరి తప్పు బిల్డరుదే అని ఎప్పుడూ అనగలమా? అనలేం. చిమ్నీ గొట్టం కోసం బీముకు రంధ్రం కొట్టించిన పెద్దమనిషి ఆ బీము పగిలిందని నన్ను పిలిచారు. ఇంటీరియరు పని మొదలుపెట్టే ముందు ప్రతి గదినీ ఫొటోలు తీసి పెట్టుకోండి. 'మీ కార్పెంటరు చేసిందే' అన్న వాదనకు అదే జవాబు.

అపోహ: సైటు ఇంజినీరుకు వాట్సాప్‌లో చెప్పాం కదా, అది చాలు.

వాస్తవం: ఆ ఇంజినీరు ఆరు నెలల్లో మరో కంపెనీకి వెళ్లిపోతాడు. 'మా దృష్టికి రాలేదు' అని సంస్థ చేతులు దులుపుకుంటుంది. చట్టం 30 రోజులని లెక్క కట్టాలంటే మొదటి రోజు ఏదో కాగితం మీద కనిపించాలి. సంస్థ అధికారిక మెయిలుకు రాయండి, అదే ఉత్తరం రసీదుతో స్పీడు పోస్టులో పంపండి. ఏ గది, ఏ గోడ, ఎంత పొడవు, మొదట ఎప్పుడు కనిపించింది, చాలు. 'మీలాంటి మోసగాళ్లను' అని మొదలయ్యే నాలుగు పేజీల ఉత్తరాలు నేను చాలా చదివాను. వాటిలో కొలతలు ఉండవు.

అపోహ: సొంత స్థలంలో కట్టించుకున్నా రెరాకు వెళ్లవచ్చు.

వాస్తవం: వెళ్లలేరు. రామమూర్తినగర్‌లో 30-40 సైటులో అనంతపురం నుంచి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు ఇల్లు కట్టించారు. మేస్త్రీ దూరపు బంధువు, 'మనలో మనకు కాగితమెందుకు మామా' అన్నాడు. శ్లాబు కారింది. ఇది అమ్మకం కాదు, పని చేయించుకోవడం. అంటే వినియోగదారుల కమిషన్ దారి. ఇల్లు కట్టివ్వడం కూడా సేవే అని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించకపోతే జిల్లా కమిషన్‌కు, లాయరు లేకుండానే వెళ్లవచ్చు. కానీ గడువు రెండేళ్లే. మాస్టారి దగ్గర ఒప్పందం లేదు. ఉన్నదల్లా ఒక డైరీ. సిమెంటు బస్తా నుంచి కూలీల టీ దాకా తేదీలతో సహా రాసి పెట్టారు, పక్కన బ్యాంకు చెల్లింపుల వివరాలు. నా నివేదిక కన్నా ఆ డైరీ విలువే ఎక్కువని నేనే ఆయనకు చెప్పాను.

అపోహ: రెరా ఉత్తర్వు వస్తే డబ్బు వచ్చినట్టే.

వాస్తవం: రాదు. బిల్డరు చెల్లించకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించాలి, అది మళ్లీ రెవెన్యూ శాఖ చుట్టూ తిరిగే పని. అందుకే ముందు మరమ్మతు అడగమంటాను, పరిహారం తర్వాత.

హూడి దంపతులకు తాళాలు చేతికొచ్చి అప్పటికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. నీలి మరక ఫొటోతో మెయిలు, స్పీడు పోస్టు అదే రోజు వెళ్లాయి. ఇరవై ఆరో రోజున బిల్డరు ప్లంబరు సుత్తి, ఉలి పట్టుకుని వచ్చాడు. పై ఇంటివాళ్లు తాళం వేసి విజయవాడ పెళ్లికి వెళ్లారు. ప్లంబరు వచ్చినట్టు, తలుపు తీయనట్టు కాగితం రాసి ఇద్దరి సంతకాలూ పెట్టించి నాకు పంపమన్నాను. పంపారు, ఈసారి పైన తేదీ వేసి.