చిగురుకీ ఎముకకీ మధ్య ఒక పొర

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు పళ్లకు ఏమొచ్చినా నేరం ఫ్లోరైడ్ నీళ్ల మీదికే పోతుంది. పళ్ల మీద గోధుమరంగు చారలకు ఆ నీళ్లే కారణం, నిజమే. కానీ అవి పడేది చిన్నతనంలో, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు. నలభై దాటాక పన్ను ఊగుతోందంటే ముందు అనుమానించాల్సింది గారను. గార పట్టిన చోట సూక్ష్మజీవులు చేరి చిగురు వాస్తుంది, పంటిని వదిలేస్తుంది. పంటికీ చిగురుకీ మధ్య మామూలుగా 3 మిల్లీమీటర్లు మించని సందు 6, 7 దాకా లోతవుతుంది. దాని కింద దవడ ఎముక కరుగుతూ పోతుంది. నొప్పి పెద్దగా ఉండదు, అదే వచ్చిన చిక్కు.

గార తీయించుకుంటే రోగం ఆగుతుంది గానీ పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఎందుకంటే, శుభ్రం చేసిన గుంటలోకి అందరికంటే ముందు దూరేవి చిగురు పైపొర కణాలు. చేనులో విత్తనం మొలవకముందే గరిక పాకినట్టు, అవి పంటి వేరు పొడవునా కిందికి పాకుతాయి. ఎముక కణాలూ, పన్నును ఎముకకు పట్టి ఉంచే నారల కణాలూ నిదానం. అవి వచ్చేసరికి చోటుండదు. గాయం మానుతుంది, పట్టు మాత్రం రాదు.

వేరు మీదికి ముందు ఏ కణాలు చేరితే మానడం ఆ తీరుగా ఉంటుందని 1976లో మెల్చర్ అనే పరిశోధకుడు చెప్పాడు. అంటే చిగురు కణాలు దూరకుండా మధ్యలో ఒక పొర అడ్డుపెడితే, నిదానంగా వచ్చే కణాలకు చోటు దొరుకుతుంది. 1982లో స్వీడన్‌లో నీమన్ బృందం మనిషి పంటి మీదే దాన్ని పరీక్షించింది. వాళ్లు వాడిన అడ్డుపొర ల్యాబుల్లో ద్రవాలు వడగట్టే ఫిల్టర్! ఎలాగూ తీసేయాల్సిన ఒక కింది ముందుపన్ను దగ్గర దాన్ని చిగురు కింద పెట్టి కుట్టారు. 3 నెలలకు చుట్టూ ఉన్న కండతో సహా పన్ను తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే, వేరు మీద కొత్త సిమెంటం (వేరును కప్పి ఉండే గట్టి పొర), అందులో నాటుకున్న కొత్త నారలు కనిపించాయి.

తర్వాత వచ్చిన గోర్‌టెక్స్ అనే ప్లాస్టిక్ రకం పొర కరగదు, 4 నుంచి 6 వారాలకు మళ్లీ కోసి తీయాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే కొల్లాజెన్ (చర్మంలో, ఎముకలో ఉండే ప్రొటీన్) పొరలు వాటంతటవే కరిగిపోతాయి. కొల్లాజెన్‌ను పశువుల నుంచో, పందుల నుంచో, చేపల నుంచో తీస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగడం మేలు.

మన రక్తంతోనే చేసే పొర కూడా ఉంది. చేతి నుంచి తీసిన రక్తాన్ని వెంటనే సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకి దిగి, మధ్యలో పసుపుపచ్చని జెల్లీలాంటి ముద్ద కడుతుంది. దాన్ని అదిమితే పలచని పొరవుతుంది. చవకే గానీ, రెండు వారాలు అటూఇటూగా కరిగిపోతుంది కాబట్టి అడ్డుగా దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం కష్టమని నా అభిప్రాయం.

నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్‌లలో దంత వైద్య కళాశాలలున్నాయి. అక్కడికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా, ఎక్స్‌రేలో గుంట ఎలా ఉందో అడగండి. మూడు వైపులా ఎముక గోడ మిగిలిన లోతైన, ఇరుకైన గుంటలో ఈ పొర బాగా పనిచేస్తుంది. ఎముక అంతటా సమానంగా తరిగిపోయి ఉంటే లాభం తక్కువ. బీడీ మానకపోయినా, షుగర్ అదుపులో లేకపోయినా ఫలితం దెబ్బతింటుంది. అన్నీ కుదిరినా, కొత్త ఎముకను ఎక్స్‌రేలో చూసి తేల్చడానికి 6 నెలలైనా ఆగాలి. అప్పటిదాకా సందు లోతు కొలిచే పుల్లను డాక్టర్లు అక్కడ పెట్టరు.