సాకెట్ ఒకటైతే చాలదు: మదర్‌బోర్డు బయోస్, ప్రాసెసర్ పొంతనపై అపోహలు - వాస్తవాలు

సొంతంగా భాగాలు కొని కంప్యూటర్ కూర్చుకున్నవారు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికంటే తరచుగా వినిపించేది ఒకటే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావడం లేదు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ పరిసరాల్లో పన్నెండేళ్లుగా కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఇలా నా టేబుల్ మీదికి వచ్చిన కొత్త ప్రాసెసర్లలో నిజంగా చెడిపోయినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన వాటిలో చాలావరకు ప్రాసెసర్ బాగుంది, మదర్‌బోర్డూ బాగుంది, కానీ ఆ బోర్డు తయారైన నాటికి ఆ ప్రాసెసర్ ఇంకా పుట్టలేదు. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే ఎంతోమందికి డబ్బు, సమయం, మనశ్శాంతి మిగిలేవన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: సాకెట్ సరిపోతే ప్రాసెసర్ పనిచేసి తీరుతుంది.

వాస్తవం: సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, సరిపోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ పైన చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే బోర్డు మీది చిప్, అంగీకరించాలి, దాని పైన బోర్డును మేల్కొలిపే ఫర్మ్‌వేర్, అంటే మనం ఇప్పటికీ బయోస్ అని పిలుచుకుంటున్నది, ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టాలి.

ఇంటెల్ ఎల్‌జీఏ 1151 సాకెట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లకు 100, 200 సిరీస్ చిప్‌సెట్ బోర్డులు ఉండేవి. 2017 అక్టోబరులో ఎనిమిదో తరం వచ్చినప్పుడు సాకెట్‌లో పిన్నుల సంఖ్య మారలేదు, ప్రాసెసర్ పాత బోర్డులో చక్కగా కూర్చునేది కూడా, కానీ పనిచేసేది కాదు. కోర్లు పెరిగినందువల్ల విద్యుత్తు అందించే పిన్నులను 128 నుంచి 146కు పెంచారు, దాంతో కొత్త తరానికి జడ్370 వంటి 300 సిరీస్ బోర్డు తప్పనిసరి అయింది. ఆ తర్వాత ఎల్‌జీఏ 1200 విషయంలో ఇంకో రకం చిక్కు వచ్చింది. జడ్490, హెచ్470 బోర్డులు బయోస్ అప్‌డేట్‌తో పదకొండో తరాన్ని నడిపాయి. అదే సమయంలో అమ్ముడైన బీ460, హెచ్410 చిప్‌సెట్‌లకు మాత్రం ఆ అవకాశం లేకపోయింది. ఇక్కడ ఎన్ని అప్‌డేట్లు చేసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే అడ్డు చిప్‌సెట్ దగ్గరే ఉంది.

ఏఎండీ ఏఎం4 సాకెట్ కథ దీనికి భిన్నమైనది, మన మార్కెట్‌లో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టిందీ అదే. 2017లో మొదటి రైజెన్‌తో జనంలోకి వచ్చిన ఈ సాకెట్‌లోనే 2020 నవంబరులో రైజెన్ 5000 సిరీస్ కూడా వచ్చింది. ఒకే సాకెట్ ఇన్ని తరాలకు పనికిరావడం కొనేవారికి గొప్ప మేలు, అందులో సందేహం లేదు. కానీ షాపులో 2018 నాటి బయోస్‌తోనే పెట్టెలో ఉండిపోయిన బీ450 చిప్‌సెట్ బోర్డును కొని, అందులో రైజెన్ 5 5600 పెడితే డిస్‌ప్లే రాదు.

కారణం తెలుసుకోవడం మంచిది. రైజెన్ ప్రాసెసర్‌లో అసలు కోర్లు మేల్కొనకముందే, లోపల ఉన్న ఒక చిన్న భద్రతా ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. అది బయోస్ నిల్వ ఉండే బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో తన తరానికి చెందిన కోడ్ కోసం వెతుకుతుంది, దొరికితే దాని సాయంతో ర్యామ్‌ను సిద్ధం చేసి, ఆ తర్వాతే కోర్లకు పని అప్పగిస్తుంది. దొరకకపోతే అంతా అక్కడే ఆగిపోతుంది. ర్యామ్ సిద్ధం కాలేదు, గ్రాఫిక్స్ కార్డు వంతే రాలేదు, కాబట్టి 'ఈ ప్రాసెసర్ నాకు తెలియదు' అని తెర మీద చెప్పే స్థితి కూడా బోర్డుకు ఉండదు. అందుకే ఈ సమస్య చూడటానికి అచ్చం పాడైన బోర్డులాగే కనిపిస్తుంది.

అపోహ: పాత బోర్డులకు కొత్త ప్రాసెసర్ మద్దతు ఇవ్వకపోవడం కేవలం అమ్మకాల ఎత్తుగడ.

వాస్తవం: ఆ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. చాలా ఏఎం4 బోర్డుల్లో ఫ్లాష్ చిప్ పరిమాణం 16 మెగాబైట్లు. ప్రతి తరం ప్రాసెసర్‌కూ వేరువేరు కోడ్ అందులోనే పట్టాలి. స్థలం చాలక కొన్ని కంపెనీలు బయోస్ మెనూలోని బొమ్మలు తీసేసి సాదా మెనూ పెట్టాయి, కొన్ని పాత ప్రాసెసర్ల కోడ్ తొలగించాయి. ఎంఎస్ఐ తన బీ450 టొమాహాక్ వంటి బోర్డులను 32 మెగాబైట్ల చిప్‌తో 'మ్యాక్స్' అనే పేరు చేర్చి మళ్లీ విడుదల చేసింది. 2020 మేలో ఏఎండీ బీ450 వంటి 400 సిరీస్ బోర్డులకు రైజెన్ 5000 మద్దతు ఉండదని ప్రకటించి, వినియోగదారుల నిరసన చూసి అదే నెలలో నిర్ణయం మార్చుకుంది. 2022లో అంతకన్నా పాతవైన ఏఎండీ 300 సిరీస్ బోర్డులకు కూడా ఆ మద్దతు దక్కింది. అంటే అసాధ్యం అన్నది చివరికి సాధ్యమే అయింది. కాకపోతే దానికి మూల్యంగా కొన్ని బోర్డుల్లో పాత ప్రాసెసర్ల మద్దతు పోయింది.

అపోహ: పేరులోని అంకెను బట్టి తరం తెలిసిపోతుంది.

వాస్తవం: రైజెన్ 5 3600, రైజెన్ 5 3400జీ రెండూ మూడు వేల అంకెతోనే ఉన్నా, మొదటిది జెన్ 2 అనే డిజైన్, రెండోది అంతకుముందు తరమైన జెన్ ప్లస్. అందుకే 2020లో వచ్చిన బీ550 చిప్‌సెట్ అధికారిక జాబితాలో 3600 ఉంటుంది, 3400జీ ఉండదు. కొత్త బోర్డు పాత ప్రాసెసర్‌ను ఎలాగూ నడుపుతుందన్న నమ్మకం కూడా ఇక్కడే వీగిపోతుంది. ఐదు వేల అంకెలోనూ ఇదే తేడా ఉంది. 5600ఎక్స్ ఒక డిజైన్, 5600జీ, 5500 మరో డిజైన్. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీకి అంతకుముందున్న ఐదు వేల సిరీస్ బయోస్ చాలదు, ఇంకా కొత్తది కావాలి.

కాబట్టి బోర్డు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్లి, సీపీయూ సపోర్ట్ జాబితాలో మీరు కొనబోయే ప్రాసెసర్ పూర్తి పేరు వెతకండి. దాని ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి మద్దతు ఉందో రాసి ఉంటుంది. గిగాబైట్ బోర్డులైతే ఒకే పేరుతో వేరువేరు రివిజన్లు వస్తాయి, ఒక రివిజన్ బయోస్ మరొకదానికి వేయకూడదు. ఆ రివిజన్ అంకె బోర్డు మూలలోనే ముద్రించి ఉంటుంది. షాపులో అడగవలసిన ప్రశ్న 'ఇది సపోర్ట్ చేస్తుందా' అన్నది కాదు, ఎందుకంటే దానికి సమాధానం ఎప్పుడూ 'చేస్తుంది' అనే వస్తుంది. 'ఈ పెట్టెలో ఉన్న బోర్డులో ఇప్పుడు ఏ బయోస్ ఉంది, లేకపోతే మీరే అప్‌డేట్ చేసి ఇస్తారా' అని అడగండి, బిల్లు కట్టకముందే అడగండి.

అపోహ: డిస్‌ప్లే రాకపోతే ప్రాసెసర్ పోయినట్టే.

వాస్తవం: రెండేళ్ల క్రితం వరంగల్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి తండ్రితో కలిసి వచ్చాడు. కొన్న చోట ప్రాసెసర్ పాడైందని చెప్పి, వారంటీ కింద పంపించి, మూడు వారాల తర్వాత కొత్తది ఇచ్చారు. అదీ పనిచేయలేదు. తర్వాత బోర్డు మార్చమన్నారు, మార్చడానికి డబ్బు అడిగారు. నేను చేసిందల్లా వేరే పాత ప్రాసెసర్ పెట్టి, బయోస్ అప్‌డేట్ చేసి, వాళ్ల ప్రాసెసర్ తిరిగి పెట్టడమే. ఇరవై నిమిషాల పని. అబ్బాయి ముఖంలో ఆనందం చూశాను, తండ్రి ముఖంలో మాత్రం నెలరోజులు తిరిగిన అలసటే కనిపించింది. మొదటి షాపువారు అబద్ధం చెప్పారని నేను అనుకోను. పరీక్షించే పద్ధతి వాళ్లకు తెలియలేదు, అంతే. కానీ ఆ తెలియకపోవడానికి మూల్యం చెల్లించింది కొన్నవాళ్లు.

పరీక్షించేటప్పుడు ముందు తేలికైన కారణాలను తోసిపుచ్చాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్‌లో, లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఏఎం4లో పేరులో అంకెల తర్వాత జీ లేని రైజెన్లలోనూ అంతే. అలాంటప్పుడు బోర్డు వెనుక ఉన్న హెచ్‌డీఎంఐకి కేబుల్ పెడితే ఏమీ రాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. ఏఎం4 తర్వాతి సాకెట్ అయిన ఏఎం5 బోర్డుల్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ర్యామ్ ఎక్కువైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో తెర నల్లగానే ఉంటుంది. తొందరపడి స్విచ్ ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బోర్డు మీద సీపీయూ, డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటే వాటిని గమనించండి. సీపీయూ లైటు దగ్గరే నిలిచిపోతే, సాకెట్ లేదా ప్రాసెసర్ పిన్నులు వంగలేదని, ఎనిమిది పిన్నుల పవర్ కేబుల్ పెట్టామని చూసుకున్నాక, మొదట అనుమానించవలసింది బయోస్‌నే.

అపోహ: పాత ప్రాసెసర్ ఒకటి చేతిలో లేకుండా బయోస్ అప్‌డేట్ చేయలేం.

వాస్తవం: ఒకప్పుడు చాలా బోర్డులకు ఇది నిజమే. 2018లో రైజెన్ 2200జీ, 2400జీ వచ్చినప్పుడు ఏఎండీయే వినియోగదారులకు ఒక పాత ప్రాసెసర్‌ను అరువుగా పంపే ఏర్పాటు చేసింది. బీ450 బోర్డుల కోసం నా టేబుల్ సొరుగులో ఆథ్లాన్ 200జీఈ అనే పాత ప్రాసెసర్ ఒకటి ఇప్పటికీ ఉంటుంది. అయితే ఇప్పుడు చాలా బోర్డుల్లో వెనుకవైపు ఒక చిన్న ఫ్లాష్ బటన్ ఉంటోంది. ప్రాసెసర్, ర్యామ్ ఏవీ లేకుండానే, పవర్ సప్లై నుంచి 24 పిన్నుల కేబుల్, ఎనిమిది పిన్నుల కేబుల్ పెట్టి, పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయవచ్చు.

ఇందులో జరిగే పొరపాట్లు కొన్నే, కానీ మళ్లీ మళ్లీ అవే జరుగుతాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలి. డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైల్‌ను అలాగే వేయకుండా విప్పాలి. లోపలి ఫైల్‌కు కంపెనీ చెప్పిన పేరే పెట్టాలి. ఎంఎస్ఐకి, గిగాబైట్‌కు, ఏఎస్‌రాక్‌కు ఆ పేర్లు వేరువేరు. ఆ బటన్ కోసం గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులోనే పెన్‌డ్రైవ్ పెట్టాలి. తక్కువ ధర బోర్డుల్లో ఈ సౌకర్యం తరచుగా ఉండదు, కానీ మొదటిసారి కంప్యూటర్ కూర్చుకునేవారు ఎక్కువగా కొనేవి అవే. బడ్జెట్‌లో కొద్దిగా వెసులుబాటు ఉంటే, రంగు లైట్లున్న బోర్డు కంటే ఈ బటన్ ఉన్న బోర్డు కొనండని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: బాగా నడుస్తున్న కంప్యూటర్ బయోస్‌ను ఎప్పుడూ ముట్టుకోకూడదు.

వాస్తవం: కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ వేయాలని నేనూ చెప్పను. కానీ ఎప్పుడూ వేయకూడదన్న మాట ఈ మధ్యకాలంలో కొందరికి ప్రాసెసర్‌నే దూరం చేసింది. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని బోర్డుల్లో కాలిపోయిన ఉదంతాలు బయటపడ్డాయి. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు అందే ఎస్ఓసీ వోల్టేజీ 1.3 వోల్టులు దాటకుండా అడ్డుకట్ట వేసే బయోస్‌లు వెంటనే వచ్చాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతిని, ఆటలు, ప్రోగ్రాములు హఠాత్తుగా ఆగిపోవడం మొదలైనప్పుడు, 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి పనితీరును సరిదిద్దే కోడ్, బయోస్ అప్‌డేట్ల రూపంలో వచ్చింది. ఇంటెల్ వారంటీని కూడా రెండేళ్లు పొడిగించింది. ఇక్కడ ఒక విషయం మరువకూడదు. ఆ మైక్రోకోడ్ జరగబోయే నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగుచేయదు. ఆ తరాల ప్రాసెసర్ వాడుతూ ఇంకా పాత బయోస్‌తోనే ఉన్నవారు ఈ వారంలోనే ఆ పని పూర్తిచేయండి.

కొత్త వెర్షన్ అంటే అన్నీ పెరుగుతాయనుకోవడం దీనికి వ్యతిరేక దిశలో ఉన్న అపోహ. 2019లో కొన్ని 400 సిరీస్ బోర్డుల్లో తొలి బయోస్‌లు గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీలకు ఎక్కువ వేగమిచ్చే పీసీఐఈ 4.0ను అనుమతించాయి, ఆ తర్వాతి వెర్షన్లు దాన్ని తీసేశాయి. కొన్ని బోర్డుల్లో ఒకసారి కొత్తది వేశాక పాతదానికి తిరిగి వెళ్లనివ్వరు. అందుకే డౌన్‌లోడ్ పేజీలో వెర్షన్ పక్కన రాసిన నాలుగు వాక్యాలు చదవకుండా ఏదీ వేయవద్దు.

అపోహ: సపోర్ట్ జాబితాలో పేరుంటే ఇక ఆలోచించనక్కరలేదు.

వాస్తవం: జాబితా చెప్పేది బూట్ అవుతుందని, అంటే కంప్యూటర్ మొదలవుతుందని మాత్రమే. తక్కువ ధర హెచ్610 బోర్డులో 253 వాట్ల వరకు లాగే ఐ9-13900కే పెట్టినా, అలాంటిదే అయిన ఏ320లో రైజెన్ 9 5950ఎక్స్ పెట్టినా బోర్డులోని విద్యుత్ సరఫరా భాగం వేడెక్కి, ప్రాసెసర్ వేగం పడిపోవచ్చు.

అపోహ: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు శాశ్వతంగా పోయినట్టే.

వాస్తవం: భయపడటంలో తప్పులేదు, వేసవిలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు. అయినా జరగరానిది జరిగితే, ఫ్లాష్ బటన్ ఉన్న బోర్డును అదే పద్ధతిలో మళ్లీ బతికించవచ్చు, కొన్నిటిలో రెండో బయోస్ చిప్ ఉంటుంది, ఏదీ లేకపోతే ఆ చిన్న చిప్‌ను ప్రోగ్రామర్‌తో తిరిగి రాయవచ్చు. సర్వీస్ చేసేవారికి అది రోజువారీ పనే.

నా అనుభవంలో కరెంటు కంటే ఎక్కువమందిని దెబ్బతీసింది విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్క్‌కు తాళం పడి ఉంటుంది, ఆ సంగతి యజమానికే తెలియదు. బయోస్ మార్చాక, లేదా ప్రాసెసర్ మార్చాక, విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్‌లోని ఫోటోలు, పత్రాలు తెరవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ముందుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపి, అప్పుడు అప్‌డేట్ మొదలుపెట్టండి. ఏఎండీ బోర్డులో ప్రాసెసర్ మార్చిన వెంటనే కొత్త సీపీయూ పెట్టారని, ఆ తాళం చెవిని దాచి ఉంచే ఎఫ్‌టీపీఎంను రీసెట్ చేయడానికి వై నొక్కమని, వద్దనుకుంటే ఎన్ నొక్కమని నల్లని తెర మీద అడిగితే, కీ చేతిలో లేనంతవరకు వై నొక్కవద్దు. ఎన్ నొక్కితే పాత ప్రాసెసర్‌ను తిరిగి పెట్టి, డిస్క్ తెరిచి, కీ తీసుకునే దారి ఇంకా మిగిలి ఉంటుంది.