హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయ) శిక్షణ: స్టాఫ్‌రూంలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కొత్తగా హెచ్‌ఎంగా ప్రమోషన్ వచ్చిన స్కూల్ అసిస్టెంట్లకు (ఎస్ఏలు, అంటే సబ్జెక్టు టీచర్లు), ఇన్‌ఛార్జి బాధ్యతలు మోస్తున్న ఎస్జీటీలకు (సెకండరీ గ్రేడ్ టీచర్లకు) నాయకత్వ శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా పనిచేస్తున్నాను. జిల్లా మారినా, బ్యాచ్ మారినా కొన్ని మాటలు మాత్రం ప్రతిసారీ వినిపిస్తాయి. వాటి గురించే ఈ పోస్టు.

అపోహ: సీనియారిటీ ఉంది, ప్రమోషన్ కోసం రాసే శాఖాపరమైన జీవో (గెజిటెడ్ ఆఫీసర్స్), ఈవో (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్) టెస్టులు పాసయ్యాం. ఇంకా శిక్షణ ఎందుకు?

ఆ టెస్టులు అవసరమే. డీడీఓగా (బిల్లులు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారిగా) జీతాల బిల్లు పెట్టాలన్నా, సెలవు మంజూరు చేయాలన్నా రూల్స్ తెలిసి ఉండాలి. కానీ వాటిలో అడిగేది నియమాలు, లెక్కలు. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడు రోజూ మొదటి పీరియడ్‌కి ఆలస్యంగా వస్తుంటే, ఇవాళ హెచ్‌ఎంగా ఆయనతో ఎలా మాట్లాడాలి? తొమ్మిదో తరగతిలో తెలుగు పేరా చదవలేని పిల్లలున్నారని తెలిశాక, టైంటేబుల్లో వాళ్ల కోసం పీరియడ్ ఎక్కడి నుంచి తేవాలి? ఇవి ఏ టెస్టులోనూ రావు. ఢిల్లీలోని నీపా (విద్యా ప్రణాళిక, పరిపాలనల జాతీయ సంస్థ) ఆధ్వర్యంలో నడిచే జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం రూపొందించిన పాఠ్యప్రణాళికలో ఏడు విభాగాలుంటే, పరిపాలన అందులో ఒకటి మాత్రమే. బోధనను మెరుగుపరచడం, బృందాన్ని నడిపించడం, ఊరితో కలిసి పనిచేయడం లాంటివన్నీ మిగతా ఆరింటిలో ఉన్నాయి.

అపోహ: హెచ్‌ఎం అంటే ఆఫీసు పని. క్లాసు సంగతి సబ్జెక్టు టీచర్ చూసుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. యూడైస్ (బడుల సమాచార వ్యవస్థ) వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, రోజుకో యాప్, పై నుంచి ఫోన్లు. ఈ ఒత్తిడి నిజం, కాదనను. అయినా పిల్లలు నేర్చుకునేది తరగతి గదిలోనే కదా. హెచ్‌ఎం అక్కడ అడుగుపెట్టకపోతే ఏ పిల్లలు ఎక్కడ ఆగిపోయారో పరీక్షల దాకా తెలియదు.

క్లాసు పరిశీలన అంటే లెసన్ ప్లాన్ మీద సంతకం పెట్టి, వెనక బెంచీలో పది నిమిషాలు కూర్చుని, ‘బాగుంది సార్’ అని లేచి రావడం కాదు. శిక్షణలో మేం ఒక పాఠం వీడియో వేసి, కాగితాన్ని రెండు గళ్లుగా మడవమంటాం. ఒక గడిలో కంటితో చూసింది, రెండో దాంట్లో మనకు అనిపించింది రాయాలి. మొదటిసారి చాలామందికి రెండో గడే నిండుతుంది: ‘టీచర్‌కి విషయ పరిజ్ఞానం ఉంది’, ‘పిల్లలు చురుగ్గా లేరు’. మళ్లీ అదే వీడియో వేస్తాం. ఈసారి వేరే విషయాలు కనిపిస్తాయి. ప్రశ్నలన్నీ ముందు రెండు బెంచీలకే వెళ్లాయి. ప్రశ్న అడిగాక టీచర్ ఆగకుండా తనే జవాబు చెప్పేశారు. బోర్డు మీద లెక్క చేసింది టీచరే, పిల్లలు ఎక్కించుకున్నారంతే.

ఇలా రాసుకున్న హెచ్‌ఎం, క్లాసు అయ్యాక టీచర్‌తో గౌరవంగా మాట్లాడగలరు. ‘మేడం, వెనక వరసలో ఎవరినీ అడగలేదు, రేపు అక్కడి నుంచి మొదలుపెట్టి చూద్దామా?’ అంటే ఎవరికీ తప్పుపట్టినట్టు ఉండదు. ‘ఫిజిక్స్ పాఠం తెలుగు పండిట్‌కి ఏం తెలుస్తుంది’ అని సందేహించే వాళ్లుంటారు. పిల్లల్లో ఎవరు మాట్లాడారు, ఎవరు రాశారు, ఎవరు బిక్కమొహం వేశారు అన్నది గమనించడానికి ఫిజిక్స్ డిగ్రీ అక్కర్లేదు.

అపోహ: ఐదు రోజులు కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే శిక్షణ పూర్తయినట్టే.

కేంద్రం 2019లో మొదలుపెట్టిన నిష్ఠ అనే ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం, ఆ తర్వాత దీక్ష అనే ప్రభుత్వ వేదికలో వచ్చిన ఆన్‌లైన్ కోర్సులు చాలామందికి చేరాయి. సమాచారం తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ ఒక టీచర్‌కి మంచీచెడూ చెప్పడం, స్టాఫ్ మీటింగ్‌ని సర్క్యులర్లు చదవడం నుంచి పిల్లల చదువు మీదికి మళ్లించడం వీడియో చూస్తే అబ్బవు. బడిలో చేసి చూడాలి, మళ్లీ వచ్చి తోటి హెచ్‌ఎంలతో చెప్పుకోవాలి. జాతీయ విద్యావిధానం 2020 కూడా ప్రధానోపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. దాన్ని ఏడాది పొడవునా పంచితేనే ఫలితం ఉంటుందని నా గట్టి నమ్మకం.

తల్లిదండ్రుల కమిటీ సంతకాల కోసమే అనే మాట కూడా వింటుంటాను. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సిందీ వాళ్లే. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లిని కూర్చోబెట్టి, ఆమె బిడ్డ ఎంతవరకు చదవగలుగుతోందో చెప్పే తీరు కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

అపోహ: పోస్టు వచ్చాక చూద్దాం, ఇప్పుడే నాకెందుకు?

అదే విద్యాహక్కు చట్టం షెడ్యూల్ చూడండి. ప్రాథమిక పాఠశాలలో పిల్లలు 150 దాటితేనే ప్రధానోపాధ్యాయ పోస్టు తప్పనిసరి. మన పల్లె బడుల్లో చాలావాటికి ఆ సంఖ్య లేదు. ఎల్ఎఫ్ఎల్ హెచ్‌ఎం (ప్రాథమిక బడి ప్రధానోపాధ్యాయ పోస్టు) ఉన్నచోట సరే, లేనిచోట బడి నడిపేది ఇన్‌ఛార్జి ఎస్జీటీయే. రెండు, మూడు తరగతులకు ఒక్కరే చెబుతూ, భోజనం చూసుకుంటూ, కమిటీతో మాట్లాడుతూ నాయకత్వం నడిపేస్తున్నారు. హైస్కూళ్లలో ఎఫ్ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) మీద ఉన్న సీనియర్ ఎస్ఏలదీ అదే పరిస్థితి. శిక్షణ జాబితా మాత్రం చాలాసార్లు పోస్టు పేరు చూసే తయారవుతుంది, ఇన్‌ఛార్జుల పేర్లు అందులో రావు.

మీరు ఇన్‌ఛార్జి అయితే వచ్చే శిక్షణకు మీ పేరు పెట్టమని ఎంఈఓని (మండల విద్యాధికారిని) రాతపూర్వకంగా అడగండి. ఈలోపు స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సముదాయం) సమావేశంలో ఇంకో ఇద్దరు ఇన్‌ఛార్జులతో మాట్లాడుకుని, నెలకోసారి ఒకరి బడికి ఒకరు వెళ్లి క్లాసు చూడండి. రెండు గళ్ల కాగితం చాలు.