కొత్త సెల్స్ వేసినా హెడ్‌ల్యాంప్ ఎందుకు మసకబారింది?

కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లొచ్చిన ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "తెల్లవారుజామున శిఖరానికి బయల్దేరాం. కొత్త ఆల్కలైన్ సెల్స్ వేసి తలకు కట్టుకున్న హెడ్‌ల్యాంప్ కాసేపటికే గుడ్డిదీపమైంది. కిందికొచ్చాక అవే సెల్స్‌తో భేషుగ్గా వెలిగింది. నాకు డూప్లికేట్ సెల్స్ అంటగట్టారా?"

డూప్లికేటే కానక్కర్లేదండీ, అసలు సెల్స్ కూడా అలాగే చేస్తాయి. ఉత్తరాఖండ్‌లోని ఆ శిఖరం ఎత్తు దాదాపు 3,800 మీటర్లు. శీతాకాలం రాత్రి అక్కడి చలి సున్నాకు బాగా కిందే ఉంటుంది. డిసెంబరులో మనింట్లో కొబ్బరినూనె సీసా బోర్లించి చూడండి. సీసా నిండుగా ఉంటుంది, చుక్క రాలదు. కాసేపు ఎండలో పెడితే ధార కడుతుంది. ఎండ నూనెను పెంచలేదు, కదిలించిందంతే. చలిలో సెల్‌లోని ఛార్జి సంగతీ ఇంతే. టార్చిలైటు సెల్స్‌ని ఎండలో పెట్టిన తాతలను చూసి మూఢనమ్మకమని నవ్వుకునేవాళ్లం గానీ వాళ్లు చేసింది ఇదే. ఛార్జి పెరగదు, ఉన్నది కాస్త బయటికొస్తుంది. సెల్స్‌ని ఫ్రిజ్‌లో దాచమనే సలహానే దండగ. ఆల్కలైన్ సెల్ మామూలు గదిలోనే ఏళ్ల తరబడి ఉంటుంది, ఫ్రిజ్‌లో పైగా చెమ్మ పడుతుంది.

చిక్కబడిన నూనె కూడా ఓపిక పడితే కొద్దికొద్దిగా వస్తుంది, గబుక్కున కావాలంటేనే రాదు. అందుకే హెడ్‌ల్యాంప్‌ని వెలిగించలేని సెల్ గోడగడియారాన్ని హాయిగా నడుపుతుంది. సీసా మూతి సన్నదైతే కష్టం ఇంకా ఎక్కువ, కాబట్టి సన్నటి ట్రిపుల్-ఏ (AAA) సెల్ కన్నా కాస్త లావైన డబుల్-ఏ (AA) నయం. పోలిక ఇక్కడితో సరి. సెల్‌లో నిజంగా ఏదీ గడ్డకట్టదు, లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరెంటును మోసే అయాన్ల కదలిక మందగిస్తుంది.

కరెంటుకి సెల్ లోపలే ఎదురయ్యే ఈ అడ్డే అంతర్నిరోధం. ఇంటర్‌లో మార్కుల కోసం సూత్రం బట్టీ పట్టిస్తారు, ఒక్క సెల్ మాత్రం చేతికివ్వరు. లెక్క చూడండి. 0.2 ఓమ్‌ల నిరోధమున్న సెల్ నుంచి 1 ఆంపియర్ లాగితే 1.5 వోల్టుల్లో 0.2 లోపలే ఖర్చై 1.3 మిగులుతుంది. చలికి నిరోధం 0.6 అయిందంటే మిగిలేది 0.9. అసలు తిరకాసు దీని తర్వాత. తెల్ల ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి కాబట్టి, ఒకట్రెండు సెల్స్‌తో నడిచే ల్యాంపులో వోల్టేజి పెంచే సర్క్యూట్ ఉంటుంది. సెల్ వోల్టేజి పడేకొద్దీ, వెలుగు నిలబెట్టడానికి అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటుకి వోల్టేజి మరింత పడుతుంది. చివరికి సర్క్యూటే చేతులెత్తేస్తుంది. అప్పుడా సెల్ తీసి మల్టీమీటర్ పెడితే దర్జాగా 1.5కి దగ్గర్లో చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ లాగే కరెంటు దాదాపు శూన్యం.

నికెల్-మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్‌ని 1.2 వోల్టులేనని చిన్నచూపు చూడకండి. అంతర్నిరోధం చాలా తక్కువ కాబట్టి లోడ్ పడ్డాక, అంటే ల్యాంపు కరెంటు లాగడం మొదలెట్టాక, ఆల్కలైన్‌ని దాటిపోతుంది. లంబసింగి, అరకు చలికి ఇది చాలు. మంచుకొండలకైతే లిథియం-ఐరన్ డైసల్ఫైడ్ డబుల్-ఏ తీసుకోండి. మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తుంది, బరువు 15 గ్రాములే, ఆల్కలైన్‌ది 23. ఖరీదెక్కువ, రీఛార్జి చేయకూడదు. కొత్తలో లోడ్ లేనప్పుడు 1.8 వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి మీ ల్యాంపు తట్టుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

కొన్ని ల్యాంపుల్లో ఉండే 18650 రకం రీఛార్జబుల్ లిథియం-అయాన్ సెల్‌ని సున్నా డిగ్రీల కింద వాడొచ్చు గానీ ఛార్జి చేయొద్దు. సెల్ లోపలి గ్రాఫైట్‌ ఎలక్ట్రోడ్‌లోకి దూరాల్సిన లిథియం దాని పైనే లోహంగా పేరుకుని సెల్‌ని పాడుచేస్తుంది. టెంట్‌లో పవర్‌బ్యాంకుకి తగిలించేముందు ల్యాంపునీ పవర్‌బ్యాంకునీ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని వెచ్చబడనివ్వండి.