కర్రిగాడి ముక్కుతో ఉద్దానం దాకా

విజయనగరం దాటి నాతవలస రోడ్డు ఎక్కామో లేదో, మా కుక్క కర్రిగాడు వెనక సీట్లో లేచి నిలబడ్డాడు. కిటికీ అద్దం రెండు వేళ్ల వెడల్పు దించి ఉంచాను. ఆ సందులో ముక్కు పెట్టి ఒకటే పీల్చడం. కాసేపటికి నాకూ తగిలింది, చెరువులో నానేసిన గోగు మురిగి నార వదిలే వాసన. మన జిల్లాల వాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు. అద్దం ఎత్తేద్దామని చెయ్యి పెట్టాను గానీ, వాడి మొహం చూసి ఆగిపోయాను. పండగ భోజనం ముందు కూర్చున్నట్టున్నాడు.

వాడు పుట్టింది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర, ఉద్దానంలో, ఒక కొబ్బరితోటలో. ఆ తోట అన్నయ్యది. సొంత అన్నయ్య కాదు. మా పక్క పోర్షన్‌లో అద్దెకుండేవారు, పిలుపు అలా కుదిరిపోయింది. రెండు నెలల కూనని గోనెసంచిలో చుట్టి తెచ్చి మాకిచ్చింది ఆయనే. రోజూ సాయంత్రం కోట చుట్టూ తిప్పింది కూడా ఆయనే. రెండేళ్ల కిందట ఇక ఊళ్లోనే ఉంటానని వెళ్లిపోయారు. ఇన్నాళ్లకి ఆయన్ని చూడ్డానికి బయల్దేరాం. వీడికి ఆయన గుర్తుంటారా అన్నదే దారంతా నా ఆలోచన.

కుక్క ముక్కు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ కిటికీ సందు విలువ అర్థమవుతుంది. వాసన పట్టే గ్రాహకకణాలు మనిషికి సుమారు 50, 60 లక్షలు ఉంటాయి. కుక్కకి జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. నన్ను ఇంకా ఆశ్చర్యపరిచేది గాలి నడిచే దారి. మనం పీల్చిన గాలి ఒకే దారిలో వెళ్లి ఒకే దారిలో వస్తుంది. కుక్క పీల్చిన గాలి లోపల రెండుగా చీలుతుంది. ఎక్కువ భాగం ఊపిరితిత్తులకి పోతుంది. దాదాపు ఎనిమిదో వంతు మాత్రం ముక్కు వెనక భాగంలో, మడతలు మడతలుగా ఉన్న గదిలోకి చేరి అక్కడ నిదానంగా తిరుగుతుంది. వాసన చూడ్డం కోసమే కేటాయించిన గది అది. వదిలే గాలి ముక్కు పక్కన ఉన్న చీలికల్లోంచి బయటికి పోతుంది కాబట్టి, ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. ఇదంతా సెకనుకి సుమారు ఐదుసార్లు.

అందుకే మా ఇద్దరి దారీ ఒకటి కాదు. నాకు చంపావతి వంతెన, పైడిభీమవరం ఫ్యాక్టరీలు, నాగావళి, మడపాం దగ్గర వంశధార వరసగా వచ్చాయి. వాడికి తడి ఇసుక, రసాయనాల ఘాటు, పశువుల లారీ, దాబా పొయ్యి, మళ్లీ తడి ఇసుక. పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కల ఘాటు నాకే గొంతులో తగిలింది. వాడు రెండుసార్లు తుమ్మి, మళ్లీ ముక్కు సందులోనే పెట్టాడు. ఒక మాట చెప్పాలి. ముద్దొస్తోందని కుక్క తలని హైవే మీద కిటికీ బయటికి పెట్టనివ్వకండి. దుమ్ము, ఇసుక రేణువులు కంటిని కోసేస్తాయి. వాడికి కావలసింది వాసన, దానికి రెండు వేళ్ల సందు చాలు. టీకి ఆగినప్పుడు అద్దాలు మూసి కారులో వదలడం అంతకన్నా ప్రమాదం. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలకే వేడి 10 డిగ్రీల దాకా పెరగొచ్చు. మనకిలాగా ఒళ్లంతా చెమట పట్టని ప్రాణి అది, ముఖ్యంగా రొప్పుతూనే చల్లబడగలదు.

తోటకి చేరేసరికి పొద్దు వాలుతోంది. కర్రిగాడిని కిందికి దించాను. అన్నయ్య ఇంటి వైపు నుంచి వస్తున్నారు. గుండు చేయించుకున్నారు, బాగా చిక్కిపోయారు. వీడు మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని మొరగడం మొదలెట్టాడు. “ఏట్రా, నన్ను మర్సిపోనావా?” అన్నారాయన. ఆ గొంతుకి చెవులు ఒక్కసారి కదిలాయి, అరుపు మాత్రం ఆగలేదు. నాకు చాలా కష్టమనిపించింది. ఆయన మొహం చూడలేకపోయాను.

అప్పుడు తట్టింది, గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. మా వాసన ఆయన వైపు పోతోంది తప్ప, ఆయనది వీడికి చేరడం లేదు. చుట్టూ తిరిగి ఇటు వైపుకి రమ్మన్నాను. ఆయన నాలుగు కొబ్బరిచెట్లు దాటి వచ్చారో లేదో, వీడి అరుపు సగంలో తెగిపోయింది. ముక్కు పైకెత్తాడు, రంధ్రాలు అదిరాయి. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టున్నాడు. తర్వాత తాడు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో నాకే తెలీదు.

గుండు, చిక్కిన ఒళ్లు కంటికి సంబంధించిన సంగతులు. కుక్క కంటికి నీలం, పసుపు బాగానే తెలుస్తాయి, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. దూరాన ఉన్నవాటి వివరాలు మనకన్నా మసకగా అందుతాయి. మనిషి ఒంటి వాసన అలా మారిపోదు. పైన సబ్బు, బీడీ, చేపలకూర వస్తూ పోతూ ఉంటాయి, అడుగున ఉన్నది ఉంటుంది. చెక్ దేశంలో 2011లో వెలువడిన ప్రయోగంలో, శిక్షణ పొందిన పోలీసు కుక్కలు ఒకే ఇంట్లో ఉంటూ ఒకే తిండి తింటున్న కవలలని కూడా, అచ్చుగుద్దినట్టున్న కవలలని, వాసనతో విడివిడిగా గుర్తుపట్టాయి.

జ్ఞాపకం ఎన్నాళ్లుంటుందన్న ప్రశ్న పాతదే. కొత్తవాళ్లంటే పడని తన కుక్కని చార్లెస్ డార్విన్ ఐదేళ్ల రెండు రోజుల తర్వాత పరీక్షించిన సంగతి 1871లో రాశాడు. గుర్రాలసాల దగ్గరికి వెళ్లి ఎప్పటిలాగే పిలిచాడట. ఆ కుక్క గంతులేమీ వేయలేదు. అరగంట కిందటే విడిపోయినట్టు లేచి ఆయన వెంట నడిచింది.

తోటలో వీడి తల్లి ఇంకా ఉంది. మూతి నెరిసింది, ఒక కన్ను మసకబారింది. పిల్లలని గుర్తుపడతాయా అన్నదాని మీద బెల్‌ఫాస్ట్‌లో పీటర్ హెప్పర్ చేసిన ప్రయోగం 1994లో అచ్చయింది. దాదాపు రెండేళ్లు విడిగా పెరిగిన కుక్కలు తల్లి పడుకున్న గుడ్డని, తల్లులు బిడ్డలు పడుకున్న గుడ్డని, మిగతావాటికన్నా ఎక్కువసేపు వాసన చూశాయి. విడిగా పెరిగిన తోబుట్టువుల విషయంలో అలా జరగలేదు. ఇది చదివి నేను పెద్ద దృశ్యమే ఊహించుకున్నాను. జరిగింది వేరు. ముసలిది లేవలేదు. వీడు నెమ్మదిగా వెళ్లి దాని మూతి, చెవి, తోక కింద చూశాడు. అదీ మెడ చాచి అంతే శ్రద్ధగా చూసింది. చాలాసేపు. తర్వాత వీడు తిన్నగా అన్నయ్య కాళ్ల దగ్గరికి వచ్చి పడుకున్నాడు.

అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం 12 కుక్కలని మత్తు ఇవ్వకుండా ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి ఐదు వాసనలు చూపించింది. ఆ కుక్క సొంత ఒంటి వాసన, తెలిసిన కుక్కది, తెలియని కుక్కది, తెలిసిన మనిషిది, తెలియని మనిషిది. మంచిదేదో రాబోతోందన్న ఆశతో ముడిపడిన మెదడు భాగం ఒకటుంది. అది అన్నిటికన్నా బాగా స్పందించింది తెలిసిన మనిషి వాసనకి. ఆ మనిషి గదిలో లేకపోయినా సరే.

మర్నాడు బయల్దేరేముందు అన్నయ్య భుజం మీది తువ్వాలు తీసి వెనక సీట్లో పరిచారు. మడపాం వంతెన దగ్గర అద్దంలో చూశాను. కిటికీ సందు అలాగే తెరిచి ఉంది, కింద వంశధార, తడి ఇసుక. కర్రిగాడి ముక్కు తువ్వాలు మడతలోనే ఉంది.