ఫ్లడ్ జోన్‌లో ఉన్న ఇల్లు అమ్మడం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఇళ్లు అమ్మిపెట్టే రియల్టర్‌ని నేను. నాకు వచ్చే ఫోన్లలో కొన్ని గొంతు తగ్గించి మొదలవుతాయి. "మా ఇల్లు ఫ్లడ్ జోన్‌లో ఉందండీ, అమ్ముడుపోతుందంటారా?" ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు అడుగుతారు. కొన్నప్పుడు వాళ్లకు ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. లోన్ కాగితాల కట్టలో ఎక్కడో ఒక పేజీ మీద సంతకం పెట్టి ఉంటారు, అంతే. ఇప్పుడు అమ్మే వంతు వచ్చేసరికి తలా ఒకరు చెప్పిన మాటలన్నీ పోగై టెన్షన్ పెడతాయి. వాటిలో నేను మళ్లీ మళ్లీ వినేవాటి గురించి రాస్తున్నాను.

ఫ్లడ్ జోన్ అని ఇక్కడ నేను అంటున్నది ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) మ్యాపుల్లో హై రిస్క్‌గా చూపే, ‘ఏ’ లేదా ‘వీ’ అక్షరంతో మొదలయ్యే జోన్లను. ‘ఏఈ’, ‘ఏఓ’, ‘వీఈ’ అన్నీ వీటిలోకే వస్తాయి. ‘వీ’ అంటే వరదతో పాటు అలల దెబ్బ కూడా తగిలే తీరప్రాంతం. ఫెమా మ్యాప్ సర్వీస్ సెంటర్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే మీ జోన్ ఏదో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. ముందు అది చూసి రండి.

అపోహ: ‘వందేళ్ల వరద’ అంటే వందేళ్లకోసారి వచ్చేది, మొన్నే వచ్చిపోయింది కాబట్టి ఇక భయం లేదు

ఈ పేరు పెట్టడమే పొరపాటయింది. ఏ ఏడాది తీసుకున్నా ఆ స్థాయి వరద వచ్చే అవకాశం 1 శాతం ఉందని దాని అర్థం. నిరుడు వచ్చినా ఈ ఏడు అవకాశం అంతే ఉంటుంది. 30 ఏళ్ల లోన్ కాలానికి లెక్క కడితే అది 26 శాతం దాకా వెళ్తుంది. అంటే నాలుగిళ్లలో ఒకదానికి. కొనేవాళ్లకు ధైర్యం చెప్పడానికి "వందేళ్లకోసారి" అనే మాట దయచేసి వాడకండి. వాళ్లకు లోన్ ఇచ్చే లెండర్‌కు ఈ లెక్క తెలుసు, ఆ మాటతో మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. జోన్ బయట ఉన్న ఇల్లు సురక్షితం అనేది కూడా అపోహే. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీని ముంచినప్పుడు, నీళ్లు చేరిన ఇళ్లలో సగానికి పైగా ఈ వందేళ్ల వరద హద్దుకు బయట ఉన్నవే. అందుకే నేను జోన్ కంటే ఇంటి చరిత్రకే ఎక్కువ విలువ ఇస్తాను. ‘ఏఈ’లో ఉన్నా ఎత్తుగా కట్టి, ఒక్కసారి కూడా గడప దాటి నీళ్లు రాని ఇంటిని, జోన్ బయట ఉండి రెండుసార్లు మునిగిన ఇంటి కంటే తేలిగ్గా అమ్మగలను.

అపోహ: అడిగితేనే చెప్పాలి. ‘యాజ్ ఇజ్’ అని రాసి అమ్మితే అసలు చెప్పక్కర్లేదు

అమ్మేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు వరద గురించి విడిగా ప్రశ్నలున్నాయి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి సెల్లర్ డిస్‌క్లోజర్ ఫారం (ఇంటి గురించి తెలిసినవి అమ్మేవాళ్లు రాసిచ్చే కాగితం) నేరుగా అడుగుతుంది: ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్లు వచ్చాయా, ఫ్లడ్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టారా, ఫెమా సాయం తీసుకున్నారా, ఇల్లు ఫ్లడ్‌వేలో (వరద నీళ్లు పారే దారిలో) గాని రిజర్వాయర్ పరిధిలో గాని ఉందా. ఆ ఫారం ఇవ్వకుండానే కాంట్రాక్ట్ చేసుకుంటే, అది చేతికందిన 7 రోజుల్లోపు కొనేవాళ్లు ఏ కారణంతోనైనా తప్పుకోవచ్చు. న్యూయార్క్‌లో ఒకప్పుడు 500 డాలర్ల క్రెడిట్ ఇచ్చేసి డిస్‌క్లోజర్ ఫారం నింపకుండా తప్పించుకునేవాళ్లు. 2024 మార్చి 20తో ఆ దారి మూసుకుపోయింది. న్యూజెర్సీ చట్టం కూడా అదే రోజు నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి ఫ్లోరిడాలోనూ వరద డిస్‌క్లోజర్ తప్పనిసరి.

‘యాజ్ ఇజ్’ అంటే నేను రిపేర్లు చేయించను, ఇల్లు ఉన్నదున్నట్టు తీసుకోండి అని. మీకు తెలిసిన సంగతి దాచడానికి అది అనుమతి పత్రం కాదు. మునిగిన సంగతి దాచి అమ్మితే, క్లోజింగ్ అయి ఇల్లు చేతులు మారిన తర్వాత కూడా కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు.

ఇంకొకటి చాలామంది ఏజెంట్లు కూడా మర్చిపోతారు, దీన్ని మాత్రం నెమ్మదిగా చదవండి. వరద తర్వాత ఇంటి రిపేర్లకు మీరు ఫెడరల్ సాయం తీసుకుని, దాని షరతుగా ఫ్లడ్ ఇన్సూరెన్స్ కొనసాగించాల్సి ఉంటే, ఆ షరతు ఇంటితో పాటే కొత్త యజమానికి వెళ్తుంది. ఆ సంగతి ఇల్లు చేతులు మారేలోపు మీరు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పలేదనుకోండి. వాళ్లు ఇన్సూరెన్స్ తీసుకోలేదు, మళ్లీ వరద వచ్చింది, ప్రభుత్వం వాళ్లకు సాయం చేసింది. ఆ డబ్బు తిరిగి కట్టమని చట్టం అడిగేది మిమ్మల్ని. ఇల్లు అమ్మి వేరే రాష్ట్రానికి వెళ్లి స్థిరపడ్డాక అలాంటి ఉత్తరం ఎవరికీ రాకూడదని నా ఆశ.

అసలు దాచినా దాగదు. గోడలకు కొత్త పెయింట్, కింద కొత్త బేస్‌బోర్డులు, మెరిసే ఫ్లోరింగ్ వేసిన ఒక ఇంటికి నా బయ్యర్స్‌తో వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ హాల్లో కిందున్న ఒక ప్లగ్ పాయింట్ ప్లేటు విప్పి టార్చి వేశాడు. డబ్బా అడుగున ఎండి పొడిబారిన సన్నటి ఒండ్రు. ఆ తర్వాత గరాజ్‌లో వాటర్ హీటర్ వెనక్కి వెళ్లి చూస్తే, కొత్త పెయింట్ తగలని మూలలో మోకాలెత్తున గోధుమరంగు గీత. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడకుండా కారెక్కారు. నిజానికి వాళ్లకు ఫ్లడ్ జోన్ అంటే అభ్యంతరం లేదు, జోన్ తెలిసే చూడటానికి వచ్చారు. ఆ యజమాని ముందే "ఫలానా ఏడాది ఇంత ఎత్తు నీళ్లొచ్చాయి, డ్రైవాల్ తీసేసి ఆరబెట్టించాం, ఇవిగో బిల్లులు, ఇదిగో మోల్డ్ టెస్ట్ రిపోర్ట్" అని ఉంటే ఆఫర్ పెట్టేవాళ్లే.

అపోహ: ఫ్లడ్ ఇన్సూరెన్స్ కొనేవాళ్ల తలనొప్పి, మనకు సంబంధం లేదు

ఏ, వీ జోన్లలో ఇంటికి ఫెడరల్ నియంత్రణలో ఉన్న బ్యాంకు లోన్ ఇవ్వాలంటే ఫ్లడ్ ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. 1973 చట్టం నుంచీ ఇదే పద్ధతి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకు పనికిరాదు. కాబట్టి ఆ ప్రీమియం మీ కొనుగోలుదారు నెలవారీ పేమెంట్‌లో కలుస్తుంది. లెక్క చూడండి: ఏడాదికి 3,600 డాలర్ల ప్రీమియం అంటే నెలకు 300. వడ్డీ 7 శాతం, 30 ఏళ్ల లోన్ అనుకుంటే నెలకు 300 డాలర్లంటే దాదాపు 45,000 డాలర్ల అప్పుకు కట్టే వాయిదా. అంటే ప్రీమియం ఎంతో తెలిసేలోపే ఆ కొనుగోలుదారు మీ ఇంటికి ఇవ్వగలిగిన ధర అంత తగ్గిపోయింది. ఇది మీ తలనొప్పి కాదంటారా?

ఇక్కడే మీ చేతిలో ఒక మంచి ఆయుధం ఉంది. ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్ పథకమైన ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ మీకు ఇప్పటికే ఉంటే, దాన్ని కొనేవాళ్ల పేరు మీదకు బదిలీ చేయవచ్చు. 2021 అక్టోబర్ 1న కొత్త పాలసీలకు, 2022 ఏప్రిల్ 1 నుంచి పాత పాలసీల రెన్యువల్‌కు ‘రిస్క్ రేటింగ్ 2.0’ అనే కొత్త ధరల విధానం వచ్చింది. ఇందులో ప్రీమియం జోన్ అక్షరాన్ని బట్టి ఉండదు. నీటి వనరు ఎంత దూరంలో ఉంది, మొదటి ఫ్లోర్ ఎంత ఎత్తులో ఉంది, ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంత అవుతుంది, ఇవన్నీ చూస్తారు. పాత పాలసీదారుల్లో చాలామంది ఇంకా అసలు రేటుకు చేరలేదు. సొంతంగా నివసించే ఇళ్లలో ఎక్కువ వాటికి ఏడాదికి 18 శాతానికి మించి పెంచకూడదని చట్టం ఉంది కాబట్టి మెట్టు మెట్టుగా పెరుగుతోంది. పాలసీ బదిలీ చేస్తే ఆ తగ్గింపు కూడా కొనేవాళ్లకు వెళ్తుంది. కొత్తగా తీసుకుంటే పూర్తి రేటు కట్టాలి.

ఈ సంగతి తెలియక నష్టపోయిన ఒక పెద్దాయన నాకు ఇప్పటికీ గుర్తొస్తారు. లోన్ తీరిపోయింది, ఇక బ్యాంకు అడగదు కదా అని ఫ్లడ్ పాలసీ ఆపేశారు. రెండేళ్ల తర్వాత ఇల్లు అమ్మడానికి నన్ను పిలిచారు. కొనేవాళ్లకు వచ్చిన కొత్త కోట్ ఆయన కట్టినదానికి రెండింతల పైనే. ఆ తేడా చివరికి ఇంటి ధరలోనుంచే పోయింది. అమ్మే ఆలోచన ఏ మూలన ఉన్నా సరే, పాలసీ ఒక్కరోజు కూడా తెగనివ్వకండి.

ఎన్‌ఎఫ్‌ఐపీ ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకు 1,00,000 డాలర్ల వరకే ఇస్తుంది. అంతకు మించి కావాలంటే ప్రైవేట్ పాలసీలున్నాయి, చాలా చోట్ల ధర కూడా తక్కువే పడొచ్చు. ఎఫ్‌హెచ్‌ఏ లోన్లకు (ఫెడరల్ ప్రభుత్వం హామీ ఉండే ఇంటి లోన్లకు) కూడా 2022 డిసెంబర్ 21 నుంచి ప్రైవేట్ పాలసీ ఒప్పుకుంటున్నారు. లిస్టింగ్ పెట్టే ముందే రెండు మూడు కోట్లు తెప్పించి పెట్టుకోండి. "ఎంతవుతుందో ఏమో" అనే భయానికి అంకె చెప్పడం కంటే మంచి మందు లేదు.

అపోహ: మ్యాప్‌లో ఒకసారి పడితే ఇక మార్చలేం

మీ ఇంటి చుట్టూ నేలలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు కూడా, ఫెమా చెప్పే బేస్ ఫ్లడ్ ఎలివేషన్‌తో (వందేళ్ల వరదలో నీళ్లు చేరే ఎత్తుతో) సమానంగా గాని ఎత్తుగా గాని ఉంటే, ఇల్లు హై రిస్క్ జోన్‌లో లేదని చెప్పే ‘లోమా’ అనే ఉత్తర్వు కోసం దరఖాస్తు చేయవచ్చు. ఫెమా దీనికి ఫీజు తీసుకోదు, సర్వేయర్ ఖర్చు మాత్రం మీదే. కాగితాలన్నీ సరిగ్గా చేరాక 60 రోజుల్లోపు నిర్ణయం ఇవ్వాలి. అందుకే సైన్‌బోర్డు పాతాక కాకుండా, మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టమంటాను. మట్టి పోసి మెరక చేసిన స్థలమైతే దారి వేరు, ఫీజు కూడా ఉంటుంది. లోమా వచ్చినా లెండర్ తన ఇష్టం కొద్దీ ఇన్సూరెన్స్ అడగవచ్చు, అది కూడా కొనేవాళ్లకు చెప్పి ఉంచండి.

లోమా రాకపోయినా, ఇంటి ఎత్తు కొలిచి సర్వేయర్ ఇచ్చే ఎలివేషన్ సర్టిఫికెట్ వృథా పోదు. ఒకావిడ "అలాంటి కాగితమేదీ మా దగ్గర లేదండీ" అన్నారు. వంటింటి సొరుగులో ఒవెన్ మాన్యువల్, వారంటీ కార్డుల మధ్య దొరికింది, అంచులు పసుపు రంగుకు తిరిగి, మూలన సర్వేయర్ ముద్రతో. ఆమె ఇంటి ఫ్లోర్ బేస్ ఫ్లడ్ ఎలివేషన్ కంటే రెండడుగుల పైన ఉందని అందులో ఉంది. నేల పల్లం కాబట్టి లోమా కుదరదు, కానీ ఆ కాగితం ఇచ్చాక ప్రీమియం తగ్గింది. ఇంటి దగ్గర లేకపోతే ఊరి ఫ్లడ్‌ప్లేన్ ఆఫీసులో అడగండి, కాపీ ఉండవచ్చు.

అపోహ: సగం ధరకు క్యాష్ బయ్యర్‌కు ఇచ్చేయడం తప్ప గతిలేదు

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. వరద వచ్చిన వారం తిరక్కుండానే "మీ ఇల్లు కొంటాం" అని తలుపులకు కాగితాలు అంటించేవాళ్లు ఈ భయం మీదే బతుకుతారు. ధర తగ్గేమాట నిజం, కానీ ఎంత తగ్గాలో లెక్క ఉండాలి. అదే జోన్‌లో, అదే రకం చరిత్ర ఉన్న ఇళ్లు ఈ మధ్య ఎంతకు పోయాయో చూడమని మీ ఏజెంట్‌ను అడగండి. వీధికి అవతల జోన్ బయట ఉన్న ఇంటితో పోల్చి ధర చెప్తే మొదటి వారమే తప్పుదారి పడతారు. చేసిన పనులు కూడా ధరలో చూపించండి: ఎత్తు దిమ్మె మీదకు మార్చిన ఏసీ యూనిట్, క్రాల్ స్పేస్‌లో (ఫ్లోర్ కింద ఉండే ఖాళీలో) వరద నీళ్లు వచ్చిపోవడానికి పెట్టిన ఫ్లడ్ వెంట్లు, నీళ్లు తోడే సంప్ పంప్‌కు బ్యాటరీ. ఇవన్నీ ఫొటోలతో లిస్టింగ్‌లో ఉండాలి.

నిజంగానే చాలా దెబ్బతిన్న ఇల్లయితే మాట వేరు. రిపేర్ల ఖర్చు ఇంటి కట్టడం విలువలో 50 శాతానికి చేరినా, దాటినా, ఈ రోజు నిబంధనల ప్రకారం ఎత్తు పెంచి కట్టాలని స్థానిక పర్మిట్ ఆఫీసు పట్టుబడుతుంది. అప్పుడు క్యాష్ బయ్యర్‌కు ఇవ్వడమే మేలు కావచ్చు, అయినా ఒకరితో ఆగకుండా నలుగురి ధర అడగండి.

క్లోజింగ్ గురించి ఒక మాట. కొత్త ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీకి మామూలుగా 30 రోజుల వెయిటింగ్ ఉంటుంది. లోన్‌తో కొంటే ఆ వెయిటింగ్ ఉండదు, లోన్ లేకుండా క్యాష్ పెట్టి కొనేవాళ్లకు మాత్రం వర్తిస్తుంది. అదీగాక అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) ఈ పథకం గడువు పొడిగించకపోతే ఎన్‌ఎఫ్‌ఐపీ కొత్త పాలసీలు అమ్మలేదు. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా అలాగే ఆగిపోయింది, బోలెడు క్లోజింగ్‌లు టెన్షన్‌లో పడ్డాయి. బదిలీ చేయడానికి పాత పాలసీ చేతిలో ఉన్న అమ్మకందారులకు అప్పుడు కూడా దారి ఉంది. కాబట్టి ఇల్లు అమ్మేశాం కదా అని ముందే పాలసీ క్యాన్సిల్ చేయకండి. బదిలీ ఫారం మీద ఇద్దరి సంతకాలు పడి, అది ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు చేరిందని కబురు వచ్చేదాకా ఆగండి.