నీటికి వాటం: న్యూజెర్సీలోని మనవలకు తాతయ్య ఉత్తరం

కాకినాడ

చిరంజీవులైన మీ ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ బేస్‌మెంట్‌లో గాలిలోని తేమను లాగే యంత్రానికి, అదే డీహ్యూమిడిఫైయర్‌కు, హోస్ తగిలించినా నీరు దాని గుండా పోక బకెట్‌లోనే నిండుతున్నదని, నిండగానే యంత్రం కూతపెట్టి ఆగిపోతున్నదని, బడికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ బకెట్‌ను మీరిద్దరూ చెరో పక్క పట్టుకుని మోసుకెళ్లి పారబోస్తున్నారని మొన్న ఫోనులో చెప్పారు. కొత్తది కొందామని నాన్న అంటున్నారట. కొనే ముందు ఈ ఉత్తరం చదివి, అమ్మను పక్కన ఉంచుకుని, నేను చెప్పిన వరుసలో చూడండి. నలభై ఏళ్లు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసినవాడిగా చెబుతున్నాను, బకెట్ నిండుతున్నదంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. తప్పు నీరు పోయే దారిలో ఎక్కడో ఉంది.

లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు బయట చెమట పట్టినట్టుగానే, ఫ్యాను లాక్కున్న గాలిలోని తేమ లోపలి చల్లని కాయిల్ మీద బొట్లుబొట్లుగా పేరుకుని కింద ఉన్న చిన్న పళ్లెంలోకి జారుతుంది. పొడిబారిన గాలి వేడి కాయిల్ మీదుగా బయటికి వస్తుంది. పళ్లెంలో చేరిన నీరు, వెనుక మూతి దారి తెరిచి ఉంటే అటు పోతుంది, లేకపోతే బకెట్‌లో పడుతుంది. బకెట్ నిండితే అందులో నీటి మీద తేలే ఫ్లోట్ పైకి లేచి కంప్రెసర్‌ను ఆపుతుంది. మీ యంత్రం మీద 50 పింట్లు అని రాసి ఉంది. అమెరికా పింటు 473 మిల్లీలీటర్లు కనుక అది గాలిలోంచి లాగే నీరు రోజుకు సుమారు 23.6 లీటర్లు, అంటే మనింటికి వచ్చే 20 లీటర్ల మంచినీళ్ల క్యాను కంటే ఎక్కువే. పాత 70 పింట్ల యంత్రమే మేలని నాన్న అనుకుంటున్నారేమో. యంత్రం రోజుకు ఎంత నీరు లాగుతుందో కొలిచే పరీక్షను 2019 నుంచి అక్కడ 80 డిగ్రీల ఫారెన్‌హీట్ గదికి బదులు 65 డిగ్రీల గదిలో చేస్తున్నారు, చల్లని గదిలో తక్కువ నీరే దిగుతుంది, అందుకే ఆనాటి 70, ఈనాటి 50 దాదాపు సమానమని చెప్పండి.

ఇక అసలు సంగతి. ఆ పళ్లెంలో నీటి లోతు చాలా తక్కువ, మీ మోడల్‌లో దానిని తోయడానికి పంపు కూడా లేదు. రెండేళ్ల కిందట మీరు సెలవులకు వచ్చినప్పుడు మన వసారాకు గచ్చు వేయించాము, గుర్తుందా? తాపీమేస్త్రీ సన్నని తెల్ల గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొసను పెద్దవాడా, నీ చేతికిచ్చి, రెండో కొసతో గోడ చివరిదాకా వెళ్లి, నీరు నిలిచిన చోట పెన్సిలుతో గీత పెట్టాడు. మధ్యలో గొట్టం ఎన్ని వంకలు తిరిగినా రెండు కొసలలోనూ నీరు ఒకే ఎత్తున నిలిచింది. నువ్వు చెయ్యి కొంచెం దించగానే నీరు నీ కాళ్ల మీద ఒలికింది, మేస్త్రీ అక్కడి నుంచే కేక వేశాడు. మీ హోస్‌లోనూ అదే న్యాయం నడుస్తున్నది. హోస్‌లో ఏ వంపైనా యంత్రపు మూతి కంటే పైకి లేచిందంటే నీరు అక్కడే నిలబడిపోయి, వెనక్కి నిండి, బకెట్ దారి పడుతుంది.

చిన్నతల్లీ, నువ్వు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. తోటకు నీళ్లు పెట్టే 50 అడుగుల హోస్‌ను చుట్ట చుట్టి, ఆ చుట్టను గోడకు నిలువుగా ఆనించి, మిగిలిన కొసను ఫ్లోర్ డ్రెయిన్‌లోకి వదిలారు. ఆ చుట్టలో ప్రతి మెలికా యంత్రపు మూతి కంటే ఎత్తుకు లేస్తున్నది. చుట్టను నేల మీద పడుకోబెట్టినా పూర్తిగా బాగుపడదు, ఎందుకంటే మెలికల మధ్య చిక్కుకున్న గాలిని తోసుకుపోయేంత బలం ఆ నీటికి ఉండదు. డ్రెయిన్ దాకా ఉన్న దూరం ఎంతో కొలవండి. ఆరు అడుగులైతే ఆరు అడుగుల హోసే కావాలి, అది మూతి నుంచి డ్రెయిన్ దాకా ఎక్కడా పైకి లేవకుండా దిగుతూ పోవాలి. గచ్చుకు మేస్త్రీ వాటం పెట్టినట్టు, అడుగుకు కనీసం పావు అంగుళమైనా వాటం ఉండేలా చూడండి. హోస్ కొస నీళ్లలో మునిగి ఉండకూడదు, మునిగితే లోపలి గాలి బయటికి పోలేదు. కొత్త హోస్ చుట్టుకుపోతుంటే ఒక పూట ఎండలో పరిస్తే సాపవుతుంది.

అయితే నా మాట మీదే నమ్మకంతో హోస్ కొనవద్దు, ముందు పరీక్షించండి. ప్లగ్గు తీసి, బకెట్ ఖాళీ చేసి తిరిగి దాని చోట పెట్టి, హోస్ విప్పేయండి. అమ్మ కేకులకు వాడే వెడల్పు ట్రేను వెనుక మూతి కింద ఉంచి, చేతులు తుడుచుకుని, యంత్రాన్ని ఒక గంట నడపండి. ట్రేలో నీరు పడితే లోపలంతా సవ్యంగా ఉన్నట్టు, దోషం హోస్‌లోనో దాని బిగింపులోనో ఉంది. ట్రే పొడిగా ఉండి బకెట్‌లో నీరు చేరితే దోషం మూతిలో ఉంది. ఈ ఒక్క గంట సగం అనుమానాలను తీర్చేస్తుంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లందరికీ మొట్టమొదట నేర్పింది ఇలా దారిని రెండుగా చీల్చి చూడడమే.

మూతిలో దోషమైతే ప్లగ్గు మళ్లీ తీసి టార్చి వేసి చూడండి. కొన్నిటిలో రబ్బరు బిరడా తీయకుండానే హోస్ బిగించేస్తారు. కొన్నిటిలో హోస్ మర అడ్డంగా ఎక్కి సగంలో ఆగిపోతుంది, అప్పుడు నీరు పక్కనుంచి జారి బకెట్‌లోకే పోతుంది. వెనక్కి తిప్పి విప్పి, నిటారుగా పెట్టి, చేత్తోనే చివరిదాకా బిగించాలి, లోపల వాషర్ ఉందో లేదో చూడాలి. చాలాసార్లు నేను చూసింది మాత్రం పాచి. దుమ్ము, తేమ కలిసి వేలికి అంటితే జారిపోయే బూడిదరంగు జిగురుగా తయారై ఆ సన్నని దారిని మూసేస్తుంది. గోరువెచ్చని నీటిలో కొంచెం వెనిగర్ కలిపి, ఇయర్ బడ్‌తోనో మెత్తని సన్న బ్రష్‌తోనో తుడిచి తీయండి. వెనిగర్‌ను బ్లీచ్‌తో ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. తరువాత ఫోనులోని రసమట్టంతో యంత్రం కింది నేలను చూడండి. యంత్రం ముందుకు ఒరిగి ఉంటే పళ్లెంలోని నీరు మూతి వైపు రాదు. ముందు వైపు పలచని చెక్క పెట్టి సమం చేయండి.

యంత్రాన్ని ఎత్తవలసి వస్తే అమ్మా నాన్నా ఎత్తాలి, నిటారుగానే ఎత్తాలి. దాని ప్లగ్గు గోడకే ఉండాలి, పొడుగు వైరు వద్దు.

ఇంతగా రాయడానికి కారణం ఆ బేస్‌మెంట్‌లో ఉన్న అమ్మమ్మ కొలువు బొమ్మల పెట్టె. కొండపల్లి బొమ్మలు చేసేది తెల్ల పొణికి కర్రతో. అది చాలా తేలిక, తేమను ఇట్టే పీల్చుకుంటుంది. పోయిన ఏడాది నేను వచ్చినప్పుడు ఏనుగు అంబారీ బొమ్మ కాళ్ల సందున తెల్లని బూజు పట్టి ఉండడం చూసి, దాన్ని పొడిగుడ్డతో తుడుస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలుసు. ఇంట్లో తేమ 60 శాతానికి లోపే ఉండాలని, 30 నుంచి 50 మధ్య ఉంటే మేలని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. మీ యంత్రాన్ని 50 మీద పెట్టండి.

హోస్ అమర్చిన మర్నాడు పొద్దున్నే బకెట్ బయటికి లాగి, అడుగున వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే నాకు వెంటనే ఫోను చేయండి, ఇక్కడ రాత్రయినా మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ తాతయ్య